అడిగి తీస్తే ఫోటోలో సహజత్వం పోతుందా?

పాతనెగటివ్ (బెంగళూరు): ఆదివారం తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్ పూల వరసల్లో మన ఫోటోవాక్ (అందరం కలిసి తిరుగుతూ ఫోటోలు తీయడం) జరిగింది. చామంతి దండ కడుతున్న ఒకామెను మన కుర్రాడొకడు "ఫోటో తీసుకోవచ్చా అమ్మా?" అని అడిగాడు. ఆమె దండ పక్కన పడేసి, పైట సర్దుకుని, బిగుసుకుపోయి నిలబడింది. అంతే, ఫోటో పోయింది. అడిగిన మరుక్షణం మనకు దొరికేది మనిషి కాదు, పోజు. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్తియే బ్రెసాన్ తన లైకా కెమెరా మెరుపు ఎవరి కంటా పడకూడదని దానికి నల్ల టేపు చుట్టుకున్నది ఇందుకే.

సరళ_కె: అడిగి వెంటనే క్లిక్ కొడితే అలాగే ఉంటుందండీ. కాసేపు ఆగండి. పూల ధర అడగండి, మూర కొనండి. బేరానికి ఇంకొకరు వస్తే ఆమె మిమ్మల్ని మర్చిపోయి పనిలో పడుతుంది. నేను తీసిన మంచి ఫోటోలన్నీ ఆ తర్వాత వచ్చినవే.

లెన్స్‌బాబు: 85 ఎంఎం లెన్స్‌తో దూరం నుంచి లాగేయండి, గొడవే ఉండదు.

పాతనెగటివ్: దూరం నుంచి తీయడం నాకు నచ్చదు. అది చాటుగా తొంగిచూడటమే. 35 ఎంఎం లెన్స్ పెట్టుకుని మనుషుల మధ్యకు వెళ్ళాలి. లెన్స్ రంధ్రం ఎఫ్/8, షట్టర్ 1/250 సెకను, ఫోకస్ ముందే రెండు మీటర్లకు పెట్టుకుంటే కెమెరా కంటి దాకా ఎత్తక్కర్లేదు.

లెన్స్‌బాబు: ఆ మార్కెట్ లోపలి చీకట్లో ఎఫ్/8, 1/250 అంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 కూడా చాలదు అన్నా. అంతా గ్రెయినే, చుక్కలు చుక్కలుగా వస్తుంది.

పాతనెగటివ్: గ్రెయిన్ వస్తే రానీ.

సరళ_కె: 1950లో పారిస్ వీధిలో ముద్దు పెట్టుకుంటున్న జంటను ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ రొబేర్ డువానో తీసిన ఫోటో గుర్తుందా? వాళ్ళిద్దరినీ అడిగి, చెప్పి తీసిందేనని 1990లలో కోర్టు గొడవలో బయటపడింది. అప్పటిదాకా లోకమంతా అది అప్పటికప్పుడు దొరికిన ఫోటో అనే నమ్మింది. మరి అడిగితే సహజత్వం ఎక్కడ పోయింది?

పాతనెగటివ్: నమ్మించడం వేరు, నిజం వేరు. అది నటన అని తెలిశాక నేను ఆ ఫోటోను మునుపటిలా చూడలేకపోతున్నాను. మీ ఉదాహరణ నా మాటనే బలపరుస్తోంది.

హలసూరు_హరి: వీధిలో ఫోటో తీయడం చట్టప్రకారం తప్పు కాదు. చర్చ ముగిసింది.

సరళ_కె: ముగియలేదు హరిగారూ. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసినవారే. వీధిలో నిలబడినంత మాత్రాన మనిషికి గోప్యత లేకుండా పోదు.

మైలాపూర్_పద్మ: నేను చెన్నై నుంచి. మా అమ్మ కపాలీశ్వరుడి గుడి మాడవీధిలో పూలు అమ్మేది. ఎవరో ఆమె ఫోటో తీసి ఒక ప్రదర్శనలో నిలువెత్తు ప్రింట్ పెట్టారు. చుట్టాలావిడ చూసొచ్చి చెబితేగానీ మాకు తెలియలేదు. ఆ రోజు అమ్మకు జ్వరం, జుట్టు దువ్వుకోలేదు, జాకెట్టు భుజం దగ్గర చిరిగి ఉంది. "అడిగితే వేరే చీర కట్టుకునేదాన్ని కదా" అని చాలా రోజులు బాధపడింది. మీరు పోజు అంటున్నది మా అమ్మకు మర్యాద.

పాతనెగటివ్: బాధ అర్థమైంది. కానీ ప్రతివాళ్ళూ ఇంటి గొడవ తెచ్చి ఇక్కడ పెడితే ఇక వీధిలో కెమెరా బయటికి తీయలేం.

మైలాపూర్_పద్మ: ఇంటి గొడవా? మీ ఆల్బమ్ మొత్తం చూశాను. కె.ఆర్. మార్కెట్, రసెల్ మార్కెట్, కాసిమేడు చేపల రేవు. మీ ఆఫీసు క్యాంటీన్‌లో అడగకుండా తీసిన ఫోటో ఒక్కటి చూపించండి. మీ మేనేజరు నోట్లో ముద్ద పెట్టుకుంటుంటే తీసి ఇక్కడ పెట్టగలరా? పెట్టలేరు. ఆయన ఫిర్యాదు చేస్తాడు, పూలమ్మే మనిషి చేయలేదు. మీ సహజత్వమంతా ఎదురు చెప్పలేనివాళ్ళ దగ్గరే దొరుకుతోంది.

లెన్స్‌బాబు: ఇది పర్సనల్‌గా వెళ్తోంది.

సరళ_కె: వెళ్ళనివ్వండి, అసలు విషయం ఇదే. 1936లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరోతియా లాంగ్ తీసిన వలస తల్లి ఫోటో లోకమంతా తిరిగింది. అందులో ఉన్న ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్, ఆ ఫోటో తీయకపోయి ఉంటే బాగుండేదని, తన పేరైనా అడగలేదని 1978లో వాపోయింది.

పాతనెగటివ్: నేనెందుకు తీస్తానో చెబుతాను. మా నాన్న హిందూపురం సంతలో చింతపండు అమ్మేవాడు. ఆయనవి మిగిలినవి స్టూడియో ఫోటోలే. అన్నిటిలోనూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బేరం కుదిరాక ఆయన తల వెనక్కి వాల్చి నవ్వే నవ్వు నా పిల్లలకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రోజుల్లో ఎవడైనా అడగకుండా క్లిక్ కొట్టి ఉంటే ఈ రోజు వాడి కాళ్ళకు దండం పెట్టేవాణ్ణి.

మైలాపూర్_పద్మ: ఆ ఫోటో మీ చేతికి వచ్చి ఉంటే కదండీ దండం పెట్టేది! మా అమ్మను తీసినాయన ప్రింట్ తెచ్చి ఇవ్వలేదు, కనీసం వచ్చి కనబడలేదు. మీరు ఎంతమందికి ఇచ్చారు?

పాతనెగటివ్: ఇకపై ప్రింట్ పట్టుకెళ్ళి ఇస్తాను. తీసిన తర్వాత చూపిస్తాను, పోస్ట్ చేయొద్దంటే చేయను. ముందుగా అడగడానికి మాత్రం ఒప్పుకోను.

మైలాపూర్_పద్మ: వద్దంటే కెమెరాలోంచి కూడా తీసేస్తారా?

పాతనెగటివ్: తీసేయను. అది నేను చూసిన క్షణం.

మైలాపూర్_పద్మ: అందులో ఉన్నది ఆమె.