‘పులి మీద పుట్ర’లో పుట్ర ఏది?

ప్రాణహిత ఒడ్డు: పత్తి ఏరే రోజులొచ్చాయి. ఆసిఫాబాద్ వైపు ఊళ్ళలో పంచడానికి పులి జాగ్రత్తల కరపత్రం ఒకటి తయారవుతోంది, దానికి ‘పులి మీద పుట్ర’ అని తలకట్టు అనుకున్నాం. ఈ సామెత అక్కడితో ఆగదనీ, వెనకాల ‘పోటు’తో ముగిసే ముక్క ఇంకొకటి ఉందనీ లీలగా తోస్తోంది. ఎవరికైనా పూర్తిగా వచ్చా?

శబ్దపిపాసి: ‘పోటు’ గోరుచుట్టుదండీ, రోకటిపోటు. దాన్ని తెచ్చి పులికి అంటగట్టారు. తేలాల్సింది ‘పుట్ర’. అది పుండు. అసలే పులి, ఆపైన ఒంటిమీద సలిపే పుండు, ఇక దాని కోపం చెప్పాలా? సామెత అంతే.

ఏదుముల్లు: శబ్దపిపాసి గారికి నా ఓటు. పుండుపడ్డ పులి సంగతి అడవి తెలిసినవాళ్ళందరికీ తెలుసు. ఏదుపందిని పట్టబోతే ముళ్ళు ముందుకాళ్ళలో, మూతిలో దిగుతాయి. కొన విరిగి లోపలే ఉండిపోతుంది, చీము పడుతుంది. దుప్పినో కణుజునో తరిమి పట్టే శక్తి పోయాక పులి తేలిగ్గా దొరికేదాని కోసం చూస్తుంది. 1907లో హిమాలయాల దగ్గరి కుమావూలో వేటగాడు జిమ్ కార్బెట్ కాల్చిన చంపావత్ ఆడపులికి కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. 436 మందిని చంపిందని లెక్క. పుట్ర పుండే.

ప్రాణహిత ఒడ్డు: అది కుమావూ కథ. ఇక్కడికి వచ్చేవి మహారాష్ట్రలోని తడోబా పులుల అడవి వైపు నుంచి నది దాటి, సొంత చోటు వెతుక్కుంటూ వచ్చే వయసు పులులు. వాటికి పుండూ లేదు, విరిగిన కోరా లేదు. 2020 నవంబరులో రెండు మరణాలు, 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తిచేలో ఇంకొకటి. కాలం చూడండి. చేను నడుమెత్తు పెరిగి ఉంటుంది, మనిషి నడుం వంచి ఏరుతుంటాడు. వెనకనుంచి చూసే పులికి అది నాలుగుకాళ్ళ జంతువు ఎత్తే. అందుకే కరపత్రంలో పుండు ఊసే లేదు. పొద్దున 10 దాటాక చేలోకి దిగడం, సాయంత్రం 4 లోపు బయటపడటం. దిగేముందు గట్టు మీదే డబ్బా వాయించడం. సాలుకొకరు చొప్పున చెదిరిపోకుండా ఒకే వరసలో ఏరడం, ఒకరు నిలబడి అడవి అంచు వైపు చూస్తూ ఉండటం. బహిర్భూమికి ఒంటరిగా వెళ్ళి కూర్చోకపోవడం అన్నిటికన్నా ముఖ్యం. తల వెనక బొమ్మ ముఖం కట్టుకోమని కూడా రాశాం.

శబ్దపిపాసి: బొమ్మ ముఖం సుందరబన్స్‌లో 1980లలోనే పెట్టారు. కొన్నాళ్ళకు పులులు పసిగట్టాయని అంటారు.

ప్రాణహిత ఒడ్డు: అక్కడ ఏడాది పొడుగునా అడవిలోకి వెళతారు. ఇక్కడ పత్తి ఏరేది రెండు మూడు నెలలు. ఆ కాస్త కాలం పనిచేస్తే చాలు. అయితే బొమ్మ కట్టుకున్నామన్న ధైర్యంతో ఒంటరిగా దిగితే మాత్రం కట్టుకోకపోవడమే మేలు.

విభక్తి: అందరూ నామవాచకం చుట్టూ తిరుగుతున్నారు, చిక్కు ‘మీద’లో ఉంది. ‘గోరుచుట్టు మీద రోకటిపోటు’, ‘మూలిగే నక్క మీద తాటిపండు’: ఈ రెండింటిలో ‘మీద’ చోటు చెబుతుంది, పడేది పైనుంచి పడుతుంది. ‘దెబ్బ మీద దెబ్బ’, ‘అప్పు మీద అప్పు’లో అది వరస చెబుతుంది, ఒకదాని తర్వాత ఒకటి. పుట్ర పుండైతే మొదటి అర్థం తీసుకోవాలి. అప్పుడు బాధపడేది పులి! కష్టాల్లో ఉన్న మనిషి తనను పులితో పోల్చుకుంటాడా? నక్కతో పోల్చుకున్నాడంటే ఒప్పుకుంటా. కాబట్టి ఇది వరస. ముందు పులి వచ్చింది, దాని వెంట పుట్ర వచ్చింది. పుట్ర కూడా కరిచేదో కుట్టేదో అయి ఉండాలి.

చెట్టూచేమా: అదే అనబోతున్నా. పామూ పుట్రా, పురుగూ పుట్రా. జంటపదంలో రెండోది ఉత్త తోక అని కొట్టిపారేస్తారు గానీ ‘చేమ’కు అర్థం ఉంది, ‘గొడ్డూ గోదా’లో ‘గోద’కూ ఉంది. పుట్ర నేలమీద పాకే విషపు పురుగేదో. పులిని తప్పించుకుని పొదలో దూరినవాణ్ణి పుట్ర కుట్టింది. వాడుకకు సరిగ్గా అతికింది.

ఏదుముల్లు: అతికించారు, అతకలేదు. పాము ఉండగా ‘పులి మీద పాము’ అనకుండా పేరు తెలియని పురుగును ఎందుకు తెచ్చారట?

చెట్టూచేమా: ప్రాస. పులి, పుట్ర. ‘పు’కు ‘పు’. పాముతో ఆ ‘పు’ రాదు కదండీ.

విభక్తి: ప్రాస రెండో అక్షరానికి. మీరు చెప్పేది యతిమైత్రి.

అలిపిరి మెట్టు: ఇంతకీ ఏ పులి? మన పాతవాళ్ళు చిరుతనూ పులి అనే అంటారు. చిరుతైతే వరస అర్థం ఇంకా బాగా నప్పుతుంది, అది ఊళ్ళోకే వస్తుంది కాబట్టి. తిరుమల నడకదారిలో 2023 జూన్‌లో ఓ చిన్నపిల్లవాణ్ణి పట్టుకుని వదిలేసింది. ఆగస్టులో ఆరేళ్ళ పాప ప్రాణమే పోయింది. తర్వాత పన్నెండేళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటాక మెట్లెక్కనివ్వలేదు, భక్తులకు ఊతకర్రలిచ్చి గుంపులుగా పంపారు. కర్రను ఎగతాళి చేశారు గానీ అది కొట్టడానికి కాదు. చేతిలో కర్ర ఉన్నవాడు నిటారుగా, పెద్దగా కనిపిస్తాడు. చిరుత చూసేది ఎత్తును. పిల్లల్ని గుంపు మధ్యలో నడిపించాలి, ముందుకు పరిగెత్తనివ్వకూడదు. ఎదురుపడితే వెనుదిరిగి పరుగెత్తకుండా, కళ్ళు తిప్పకుండా, గట్టిగా అరుస్తూ వెనక్కి అడుగులేయాలి. దారి పక్కన పడేసిన తిండికి కుక్కలొస్తాయి, కుక్కల కోసం చిరుతలొస్తాయి. ఆ చెత్త తియ్యకుండా ఎన్ని బోనులు పెట్టినా లాభం తక్కువే.

శబ్దపిపాసి: పట్టి దూరపు అడవిలో వదిలితే సరిపోదా?

అలిపిరి మెట్టు: మహారాష్ట్రలో జున్నర్ చెరకు తోటల చిరుతల్ని 2001 తర్వాత అలాగే పట్టి వేరేచోట వదిలారు. దాడులు తగ్గకపోగా పెరిగాయి. వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా అత్రేయ పరిశోధన దీనిమీదే. ఉన్న చిరుతను తీసేస్తే ఆ జాగా ఖాళీగా ఉండదు, ఇంకోటి వస్తుంది. వదిలినది కొత్తచోట దిక్కుతెలియక ఊళ్ళ మీద పడుతుంది. చిరుత మీద చిరుత!

నల్లమల బాట: పెద్దపులో చిరుతో అడుగు చూస్తే తెలుస్తుంది కదా. చిరుత అడుగు వెడల్పు 7 నుంచి 9 సెంటీమీటర్లు, పెద్దపులిది 12 పైనే. రెంటికీ గోళ్ళ గుర్తు పడదు. పడితే అది దుమ్ములగొండో కుక్కో. చచ్చిన పశువును చూసినా ఆనవాలు దొరుకుతుంది. పెద్దపులి సాధారణంగా తొడల వైపు నుంచి తినడం మొదలెడుతుంది, చిరుత కడుపు వైపు నుంచి. అందుకే పశువు పడ్డచోటు నుంచి కళేబరాన్ని కదపకూడదు. అటవీ సిబ్బంది వచ్చి అడుగూ పంటిగాటూ చూసేదాకా అలాగే ఉంచాలి, లేకపోతే పరిహారం దగ్గర పేచీ పడుతుంది. దానికి పురుగుమందు పూయడం ఘోరం. పులి మళ్ళీ తినడానికి వస్తుంది, నక్కలూ కాకులూ ఊరకుక్కలూ కూడా వస్తాయి. మేకల దొడ్డికి గోడ ఎత్తు పెంచి ఊరుకోకండి, చిరుత ఎక్కేస్తుంది. పైన ఇనుప జాలీ ఉండాలి, తలుపు కింద సందు ఉండకూడదు. లోపల చిక్కుకుందంటే బెదురుతో ఒక్కదానితో ఆపకుండా మందంతా చంపేస్తుంది.

విభక్తి: పులి మళ్ళీ తినడానికి వస్తుందంటే కవి అనంతామాత్యుడు గుర్తొచ్చాడు. భోజరాజీయంలో ఆవు దూడకు పాలిచ్చి వస్తానంటే పులి పంపించి, కూర్చుని ఎదురుచూస్తుంది. ఆ ఆవు మాటల తీరు చూడండి. బతిమాలుతున్నట్టే ఉంటుంది, తర్కం ఎక్కడా సడలదు. తెలుగులో అంత మెత్తని వాదన ఇంకెక్కడుంది?

నల్లమల బాట: పద్యం బాగుంటుంది, పులే బాగుండదు. పొంచి దూకడం ఒకటి, మాట నమ్మి కూర్చోవడం ఒకటి.

చెట్టూచేమా: కవి జంతుశాస్త్రం రాయలేదు లెండి. మీ లెక్కన రేచుకుక్కల మీద, అదే అడవికుక్కల మీద, రాసినవన్నీ కొట్టేయాలి.

ఏదుముల్లు: రేచుకుక్క అంటే రేయి తిరిగే కుక్క. అందులో తప్పేముంది?

నల్లమల బాట: రేచుకుక్కలు వేటాడేది ఎక్కువగా పగలు. పొద్దున, సాయంత్రం, గుంపుగా. ‘రే’ రాత్రి కాదు.

శబ్దపిపాసి: రేచు అంటే ఉసికొల్పడం. ‘రెచ్చగొట్టు’ ఆ ఇంటిదే. దుప్పిని గుంపుగా రేపి అలసిపోయేదాకా తరుముతాయి కాబట్టి రేచుకుక్క.

విభక్తి: మరి ‘రేసుకుక్క’ అనేవాళ్ళ సంగతి? చ, సల్లో ఏది ముందో తేల్చకుండా ధాతువు దాకా పోవద్దు.

ప్రాణహిత ఒడ్డు: కరపత్రం రేపు అచ్చుకు పోతోందండీ. తలకట్టు తీసేసి ‘పది దాటాకే పత్తిచేలోకి’ అని పెట్టేశాం. చ, స మీరు తేల్చుకోండి.

విభక్తి: తేలుస్తాం. రాయలసీమ పలుకుబడి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అక్కడ ‘స’యే వింటామని నా అనుమానం.