న్యూట్ తిండి ముట్టడం లేదు, తెలిసినవాళ్ళు కాస్త త్వరగా చెప్పండి

రాత్రిదీపం:
అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి ఇదే పని మీద ఉన్నాను, బుర్ర పనిచేయడం లేదు. మా న్యూట్ (బల్లిలా ఉండి నీళ్ళలో బతికే ఉభయచరం) ముందు పెల్లెట్లు, అంటే గుళికల తిండి మానేసింది, ఇప్పుడు బ్లడ్‌వార్మ్స్ అనే చిన్న ఎర్ర పురుగులు కూడా ముట్టడం లేదు. పెదవికి ఆనించి పట్టుకున్నా మొహం తిప్పేసుకుంటోంది. నీళ్ళలో ఉండకుండా ఫిల్టర్ పైపు పట్టుకుని పైకి ఎక్కేస్తోంది. గొంతు కింద చర్మం గబగబా కొట్టుకుంటోంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కాబట్టి నీళ్ళ గురించి అడగొద్దు. మందు పేరు చెప్పండి చాలు. చాలా టెన్షన్‌గా ఉంది.

చెరువుగట్టు:
ఏ జాతి? నీళ్ళ టెంపరేచర్ ఎంత? అమ్మోనియా, నైట్రైట్ ఎంత చూపిస్తున్నాయి?

రాత్రిదీపం:
వీపు నలుపు, పొట్ట ఎరుపు, దాని మీద నల్ల మచ్చలు. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని చెప్పాను కదండీ.

పచ్చనాచు:
దాన్ని ఒట్టి చేతులతో పట్టుకోవడం లేదు కదా? ఈ ఎర్రపొట్ట జాతుల చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది, పఫర్ చేపలో ఉండే విషమే. ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా కళ్ళు నలుపుకోకూడదు. ఇంకో సంగతి, ట్యాంకు నీళ్ళు చెరువుల్లో, కాలువల్లో పారబోయొద్దు. నెదర్లాండ్స్‌లో న్యూట్‌ల చుట్టాలైన ఫైర్ సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టిన బీసాల్ అనే ఫంగస్‌ను 2013లో గుర్తించారు. అది తమ దేశంలోకి రాకూడదనే అమెరికా 2016లో చాలా సాలమాండర్ జాతుల దిగుమతిని ఆపేసింది. పెంచేవాళ్ళలో చాలామంది దీన్ని పట్టించుకోరు, నాకు అదే బాధ.

రాత్రిదీపం:
అవన్నీ మంచి మాటలే అండి. ఇది తినడం లేదు, దానికేం చేయాలి?

వానపాములబుట్ట:
పెల్లెట్ కదలదు, అందుకే చాలా న్యూట్‌లు దాన్ని తిండిగానే గుర్తించవు. చిన్న వానపామును ముక్కలు చేసి ట్వీజర్స్‌తో నోటి ముందు మెల్లగా కదిలించండి. అప్పటికీ తినకపోతే నోరు తెరిచి పెట్టేయండి.

చెరువుగట్టు:
నోరు తెరవడం మాత్రం వద్దు. దవడ దెబ్బతింటుంది.

వానపాములబుట్ట:
నేను చేశాను, బతికింది.

చెరువుగట్టు:
మీది బతకడం సంతోషమే. అందరికీ చెప్పదగ్గ పద్ధతి మాత్రం కాదు. రాత్రిదీపం గారూ, ట్యాంకులో ఈ మధ్య ఏమైనా మార్చారా?

రాత్రిదీపం:
ఏమీ మార్చలేదు. పోయిన వారం మొత్తం ఖాళీ చేసి కడిగాను, అంతే. రాళ్ళు, స్పాంజ్ అన్నీ కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండాను. హీటర్ ఎప్పటిలాగే 26లో ఉంది.

చెరువుగట్టు:
అసలు విషయం ఇదీ. మీరు చెప్పింది ఫైర్ బెల్లీ న్యూట్‌లా ఉంది. చైనీస్‌దైనా జపనీస్‌దైనా చల్లనీటి ప్రాణే. దానికి 16 నుంచి 20 డిగ్రీలు హాయి, 24 దాటితే అవస్థ. ముందు తిండి మానేస్తుంది. హీటర్ తీసేయండి, నీళ్ళు వాటంతటవే చల్లబడనివ్వండి. ఐసు ముక్కలు వేయొద్దు.

ఇక స్పాంజ్. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది అందులోనే. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే అది చచ్చిపోతుంది. ఇప్పుడు న్యూట్ విసర్జించే అమ్మోనియా అలాగే పేరుకుంటోంది. దానికి రంగు లేదు, కంటికి కనబడదు. నీళ్ళు వేడెక్కేకొద్దీ దాని విషం పెరుగుతుంది. పైకి ఎక్కేస్తోందంటే నీళ్ళు భరించలేకే అని నాకు అనిపిస్తోంది.

దాన్ని గాలి రంధ్రాల మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. క్లోరిన్ తీసిన నీళ్ళు కొద్దిగా పోసి, ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి పెట్టండి. రోజూ నీళ్ళన్నీ మార్చండి, కొత్త నీళ్ళు అదే టెంపరేచర్‌లో ఉండాలి. రెండు రోజులు తిండి చూపించొద్దు. చల్లగా ఉంటే పెద్ద న్యూట్ వారాల తరబడి తినకుండా ఉండగలదు, ఆకలితో చచ్చిపోతుందని భయపడకండి. చేపల మందులు వేయొద్దు, చర్మం అన్నీ పీల్చేసుకుంటుంది. పొట్ట ఉబ్బినా, పుండ్లు కనిపించినా, ఒంటి మీద దూదిలాంటి బూజు పట్టినా ఉభయచరాలను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

వానపాములబుట్ట:
క్లోరిన్ పోవడానికి నీళ్ళు ఒక రోజు బకెట్‌లో ఉంచితే చాలు, దాన్ని తీసేసే కండిషనర్ మందు ఎందుకు?

చెరువుగట్టు:
ఒట్టి క్లోరిన్ అయితే పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపే చోట పోదు.

వానపాములబుట్ట:
ఇన్నేళ్ళుగా నేను బకెట్ నీళ్ళే వాడుతున్నాను.

చెరువుగట్టు:
మీ కుళాయిలో క్లోరమైన్ లేదేమో. వాళ్ళ నీళ్ళ సంగతి మనకు తెలియదు కదా.

పచ్చనాచు:
రాళ్ళ సైజు కూడా చెప్పండి. నోట్లో పట్టేవైతే తిండితో పాటు మింగేస్తుంది, పేగుకు అడ్డం పడుతుంది.

రాత్రిదీపం:
టెస్ట్ చేశాను, అమ్మోనియా 1 పైనే ఉంది. డబ్బాలోకి మార్చాను, హీటర్ తీసేశాను. ఇంకా ఏమీ తినలేదు కానీ పైకి ఎక్కడం ఆపింది. థాంక్స్ అండి.

చెరువుగట్టు:
అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చేదాకా ట్యాంకులో వేయకండి. వారాలు పడుతుంది.

పచ్చనాచు:
రాళ్ళ సంగతి చెప్పలేదు.