ఓడలు బండ్లు ‘అవుతాయా’?

"ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు కదా, ఓడ బండి ఎట్లా అవుతుంది?" అని నిన్న ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న.

సుమతీ శతకంలో ఉన్నది "ఓడల బండ్లును వచ్చును". అంటే ఓడల మీద బండ్లు వస్తాయి, బండ్ల మీద ఓడలూ వస్తాయి. ఒకటి ఇంకొకటిగా మారడం కాదు, మోసేది ఎవరు, ఎక్కేది ఎవరు అన్నది తిరగబడడం. కలిమి లేములకు ఇది ఎంత బాగా కుదిరిందో చూడండి. ‘అవుతాయి’ అనేసరికి ఆ బొమ్మ చెరిగిపోతున్నది.

ఓడ అనగానే సముద్రం అనుకోవద్దు. "ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న" అంటాం. ఏరు దాటించేదీ ఓడే.

మాది మహదేవపూర్ దిక్కు. వంతెన లేనప్పుడు కాళేశ్వరం రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న సిరోంచకు పడవే దిక్కు. చిన్నప్పుడు ఒకసారి బండిని ఎక్కించడం చూశాను. ఎడ్లను విప్పి, ఒడ్డు నుంచి రెండు పలకలు వేసి, నలుగురు చక్రాల ఆకులు పట్టి తోశారు. పైకెక్కాక చక్రాల కింద రాళ్లు పెట్టారు. బరువుకు పడవ అంచు నీళ్లకు జానెడు దూరంలోకి దిగింది. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

— అన్నా, బండి మీదికి ఓడ ఎందుకొస్తది మరి?

— నది అన్నిచోట్లా పడవకు దారి ఇవ్వదు తమ్మీ. మన గోదావరే చూడు. మహారాష్ట్రలోని వార్ధా లోయ పత్తిని నీళ్ల మీదనే తీరానికి దించాలని ఆర్థర్ కాటన్ ఆలోచన. మూడు చోట్ల బండరాళ్లు అడ్డం: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, పైన ప్రాణహితలో ఇంకొకటి. అట్లాంటి చోట సరుకు దించి బండ్లకెక్కించాలి, పడవను కూడా అవతలికి చేర్చాలంటే దానికీ బండే కావాలి. లేదా కాలువ తవ్వి లాకులు కట్టాలి. లాకంటే పడవను రెండు తలుపుల మధ్య ఆపి, నీళ్లు నింపో వదిలో పైకీ కిందికీ చేర్చే తొట్టి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. ఈలోగా 1867లో నాగపూర్‌కు రైలుబండి వచ్చింది. 1871లో పనులు ఆపేశారు. పత్తి బండెక్కింది.

మీ ఊళ్లలో పెద్దవాళ్లు ‘అవుతాయి’ అనకుండా ‘వస్తాయి’ అనేవాళ్లుంటే, వాళ్లన్న మాట అన్నట్టే ఇక్కడ రాయండి.