పీజీ చేస్తూ ఫోటోగ్రఫీ వదలకుండా ఉండటం ఎలా?

ప్రశ్న:
నేను పీజీ సెకండియర్. ఎంబీబీఎస్‌లో ఉన్నప్పుడు ప్రతి ఆదివారం తెల్లారకముందే కెమెరా తగిలించుకుని పక్షుల కోసం వెళ్ళేదాన్ని, ఇప్పుడు 24 గంటల డ్యూటీ దిగి రూముకొచ్చి పడిపోవడమే, కెమెరా బ్యాగ్ జిప్ తీసి నాలుగు నెలలైంది. మొన్న తీస్తే బ్యాటరీ కూడా అయిపోయి ఉంది, ఏడుపొచ్చింది. తీద్దామంటే ఆ టైంలో చదువుకోవచ్చుగా అని గిల్టీ, వదిలేద్దామంటే మనసొప్పట్లేదు. రెండూ చేస్తున్నవాళ్ళు ఎలా చేస్తున్నారు?

జవాబు 1:
నేను అనస్థీషియా, పదకొండేళ్ళయిందమ్మా. పక్షులు పీజీలో కుదరవు, వాటికోసం గంటలు గంటలు కూర్చోవాలి. నేనూ దూరంవి తీసే టెలీ లెన్స్ బీరువాలో పెట్టేసి 35 ఎంఎం ప్రైమ్, అదే జూమ్ లేని చిన్న లెన్స్, ఒక్కటే వెంట ఉంచుకున్నా, హాస్టల్ నుంచి వార్డుకి నడిచే పది నిమిషాలే నా టైం. ఒకటే దారి, అవే మెట్లు, అదే చెట్టు, కానీ రోజూ తీస్తుంటే వెలుతురు నెలనెలా ఎంత జరుగుతుందో అప్పుడే కళ్ళకి ఆనింది. రా ఫైల్స్, అంటే కెమెరా ఇచ్చిన ఎడిట్ చెయ్యని ఫోటోలు, అలా పడుంటాయి, ఎడిటింగ్ నెలకోసారి. నైట్ డ్యూటీ దిగి సన్‌రైజ్ కోసం మాత్రం బండేసుకుని వెళ్ళొద్దు, నాకోసారి బండి మీదే కునుకు పట్టి రోడ్డు దిగిపోయా, దెబ్బలు తగల్లేదు గానీ ఇప్పటికీ తలుచుకుంటే వణుకే. ముందు నిద్ర.

జవాబు 2:
గిల్టీ ఎందుకండీ? 2017లో అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్ళ స్టడీ ఒకటొచ్చింది, 36 మంది ఫస్టియర్ మెడికల్ స్టూడెంట్స్‌లో సగం మందికి మ్యూజియంలో పెయింటింగులు చూడటం నేర్పారు, గంటన్నర చొప్పున ఆరు క్లాసులు. తర్వాత చూస్తే గమనించే విషయంలో మిగతావాళ్ళ కంటే వీళ్ళే బాగా మెరుగయ్యారు. నేను స్కిన్ డాక్టర్ని, లైట్ పక్కనుంచి పడితేనే మచ్చ ఎత్తుగా ఉందా చదునుగా ఉందా తెలుస్తుందని నాకు ముందు అలవాటు చేసింది కెమెరానే.

జవాబు 3:
పేషెంట్లని మాత్రం సరదాకి తీయకండి ప్లీజ్. ముఖం లేకపోయినా పచ్చబొట్టు, వెనకాల కేస్ షీట్, ఫోటో ఫైల్లో ఉండే డేట్ చాలు, తెలిసినవాళ్ళు పట్టేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అందరికీ. అన్నా, నా దగ్గర ప్రైమ్ లేదు, కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్, కిట్ లెన్సే ఉంది.

జవాబు 1:
అదే చాలమ్మా. 35 దగ్గర పెట్టి జూమ్ రింగ్ మీద టేపు అంటించెయ్.