కోస్టారికా అడవుల ట్రిప్: జిప్‌లైన్ ఉంచాలా, తీసేయాలా?

హ్యూస్టన్_కుటుంబం
జూలైలో పిల్లల సెలవులకి మధ్య అమెరికాలోని కోస్టారికా వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, పన్నెండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ. అమ్మకి 68, మోకాళ్ళ నొప్పులున్నాయి, శాకాహారి. రాజధాని సాన్ హోసేలో దిగి కారు తీసుకుని ముందు అరెనాల్ అగ్నిపర్వతం దగ్గరున్న లా ఫోర్చూనా, తర్వాత కొండమీది అడవి మాంటెవెర్దే, చివర్లో సముద్రం ఒడ్డునున్న మాన్యుయెల్ ఆంటోనియో పార్కు. జిప్‌లైన్, జలపాతం, రాఫ్టింగ్, వేలాడే వంతెనలు, రాత్రి నడక అన్నీ పెట్టాను. జూలై అంటే అక్కడ వానాకాలం అంటున్నారు, అదొక టెన్షన్. ఏది ఉంచాలో ఏది తీసేయాలో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

అడవిబాట
ముందు జిప్‌లైన్ తీసేయండి. కోపం తెచ్చుకోకండి, వివరంగా చెప్తాను. తీగకి వేలాడుతూ చెట్ల మీదుగా దూసుకుపోతే కింద ఏముందో ఒక్కటీ కనపడదు. ఆ చప్పుడికి, ఆ కేకలకి దగ్గర్లో ఉన్న జంతువు కూడా తప్పుకుంటుంది. ఆ డబ్బు పెట్టి అడవిలో చెట్లు, జంతువులు తెలిసిన మంచి నేచురలిస్ట్ గైడ్‌ని మాట్లాడుకోండి. ఆయన భుజాన స్టాండు, దాని మీద దూరం చూసే టెలిస్కోపు ఉంటాయి. మనం ఎండుటాకుల ముద్ద అనుకుని దాటిపోయేదాని దగ్గర ఆగి లెన్స్ తిప్పి చూపిస్తే అది మూడు వేళ్ళ స్లాత్ (చెట్లకి వేలాడుతూ మెల్లగా కదిలే జంతువు), దాని బొచ్చులో ఆకుపచ్చగా పట్టిన పాచితో సహా కనిపిస్తుంది. మీ ఫోను ఆ లెన్స్‌కి ఆనించి ఫొటో కూడా తీసిస్తారు. ఇక ఆరేళ్ళ బాబుకైతే నేల మీద ఆకులు కోసే చీమలు చాలు. ఒక్కో చీమ తనకంటే పెద్ద ఆకుముక్కని నిలువుగా ఎత్తిపట్టుకుని వరసలో పోతుంటుంది. ఆ ఆకు అవి తినవు, పుట్టలోపల దాని మీద బూజు పెంచి ఆ బూజుని తింటాయి. ఇది విన్న పిల్లలు అక్కణ్ణుంచి కదలరు.

వాన గురించి టెన్షన్ వద్దు. అటువైపు సాధారణంగా పొద్దున తెరిపిగా ఉండి మధ్యాహ్నం దాటాక పడుతుంది. ఆరింటికి లేచి బయల్దేరేలా చూసుకోండి, అంతే.

డల్లాస్_నాన్న
అడవిబాట గారూ, మీరు చెప్పిన గైడ్ ముచ్చట మేమూ తీర్చుకున్నాం. మనిషికింత అని కట్టి మూడు గంటలు నడిస్తే కనిపించింది నిద్రపోతున్న స్లాత్ వీపు ఒకటి. మిగతా టైమంతా చెట్ల పేర్లు. మా చిన్నోడు సగం దారిలో ఏడుపు అందుకున్నాడు, వాణ్ణి భుజాన వేసుకుని బురదలో నడిచింది నేను. మర్నాడు జిప్‌లైన్‌కి వెళ్తే అదే పిల్లాడు రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. చిన్నపిల్లల్ని గైడ్ తన ముందు కట్టుకుని జంటగా తీసుకెళ్తారు, భయం లేదు. హ్యూస్టన్ అన్నా, జిప్‌లైన్ తియ్యొద్దు. గైడ్ తీసెయ్.

పప్పుచారు
శాకాహారం గురించి: గాయో పింతో అని అన్నం, నల్ల బీన్స్ కలిపి పొద్దున్నే పెడతారు, మధ్యాహ్నం కసాదో అని ప్లేటు భోజనం. మాంసం లేకుండా అడిగితే చేసిస్తారు. బీన్స్‌లో పంది కొవ్వు వేశారేమో మాత్రం ఒక మాట అడగండి, కొన్నిచోట్ల వేస్తారు. వంటగది ఉన్న కాటేజీ తీసుకుంటే పెద్దావిడకి బెంగ ఉండదు. పంపు నీళ్ళు చాలాచోట్ల తాగొచ్చు.

అడవిబాట
డల్లాస్ గారూ, ఒక్కసారి కనపడకపోతే గైడే దండగ అంటే ఎలా? అది జూ కాదు కదా. మీరు పది దాటాక ఎండలో వెళ్ళి ఉంటారు, ఆ వేళకి సగం జంతువులు కదలవు. పైగా అందరికీ కలిపి తీసుకెళ్ళే పెద్ద గుంపులో వెళ్ళి ఉంటారు. మన కుటుంబం వరకే మాట్లాడుకుంటే పిల్లాడు నడిచినంతే నడుస్తారు. రాత్రి నడకైతే ఇంకా మేలు. టార్చి వెలుగులో ఎర్రకళ్ళ ఆకుపచ్చ కప్ప ఆకు మీద కళ్ళు తెరుస్తుంటే చూడాలి. అక్కడ తెర్సియోపెలో అనే విషసర్పం ఉంటుంది, ఆకుల్లో కలిసిపోతుంది, మన కంటికి ఆనదు. చీకట్లో సొంతంగా తిరగడం అసలు వద్దు, గైడ్ ఉండేది అందుక్కూడా. కోర్కొవాదో పార్కులో 2014 నుంచి గైడ్ లేకుండా లోపలికే పంపడం లేదు.

డల్లాస్_నాన్న
ఆయన వెళ్ళేది కోర్కొవాదో కాదు. అడగని పార్కు రూల్స్ ఎందుకు ఇక్కడ?

ఇంకో మాట. జిప్‌లైన్ అంటే అడవికి శత్రువన్నట్టు రాస్తున్నారు. కోస్టారికాలో 1980ల్లో అడవి నాలుగోవంతుకి పడిపోయింది, పశువుల మేతకోసం కొట్టేశారు. ఇప్పుడు సగం దేశం పైగా మళ్ళీ అడవే. టూరిస్టు డబ్బు రాకపోతే ఆ స్థలాల యజమానులు చెట్లు ఎందుకు ఉంచుతారు? తీగ కట్టుకోవాలంటే చెట్టు ఉండాలిగా.

అడవిబాట
అడవి తిరిగొచ్చింది జిప్‌లైన్ వల్లనా! 1996లో అటవీ చట్టం తెచ్చారు, చెట్లు కొట్టకుండా కాపాడిన భూయజమానులకి ప్రభుత్వమే డబ్బు కడుతుంది, అందులో పెద్ద భాగం పెట్రోలు మీద వేసిన పన్ను నుంచే. టూరిజం డబ్బు కలిసొచ్చింది, కాదనను. కానీ మాంటెవెర్దేనే తీసుకోండి. 1951లో అమెరికా నుంచి వచ్చిన క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్ళు), యుద్ధం వద్దని సైన్యం లేని దేశం వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు, తమ ఏటి నీళ్ళకోసం పైనున్న అడవిని కొట్టకుండా వదిలేశారు. ఆ తర్వాత 1972లో రిజర్వు ఏర్పడింది. అప్పటికి అక్కడ తీగలూ లేవు, టిక్కెట్లూ లేవు.

రంపచోడవరం_రోడ్డు
అడవికోసం అంత దూరమా? మారేడుమిల్లి రండి, జలతరంగిణి చూపించి బొంగులో చికెన్ పెట్టిస్తాం.

ఆకుపచ్చ_చీర
మాన్యుయెల్ ఆంటోనియోకి మంగళవారం వెళ్ళకండి, పార్కు మూసేస్తారు. టిక్కెట్లు ఆన్‌లైన్‌లోనే, గేటు దగ్గర అమ్మరు, బయట అమ్ముతామని వచ్చేవాళ్ళని నమ్మకండి. బ్యాగులు వెతుకుతారు, బయటి తిండి లోపలికి పోనివ్వరు. మా పులిహోర డబ్బా గేటు దగ్గరే ఆపేశారు. అప్పుడు విసుగనిపించింది గానీ, లోపల తెల్లమొహం కోతులు ఒకావిడ సంచీ జిప్పు తీసి చెయ్యి పెట్టడం చూశాక ఆ రూలు ఎందుకో తెలిసింది.

ఇంకోటి. రోడ్డు పక్కన స్లాత్‌ని ఎత్తుకుని ఫొటో దిగమనేవాళ్ళు ఎదురైతే దిగొద్దు. అలాంటి సెల్ఫీలు వద్దని 2019లో ఆ ప్రభుత్వమే ప్రచారం మొదలుపెట్టింది.

హ్యూస్టన్_కుటుంబం
అందరికీ థాంక్స్. గైడ్, జిప్‌లైన్ రెండూ ఉంచుతున్నా. రాఫ్టింగ్ తీసేశాను. జలపాతం మెట్లు ఎన్నుంటాయి? జిప్‌లైన్ మాంటెవెర్దేలో మంచిదా, అరెనాల్‌లోనా?

అడవిబాట
లా ఫోర్చూనా జలపాతానికి దాదాపు 500 మెట్లు, దిగడం ఒక ఎత్తు, ఎక్కడం ఇంకో ఎత్తు. అమ్మగారి మోకాళ్ళకి కుదరదు. మాంటెవెర్దే కొండమీద చలిగాలి, స్వెటర్ కావాలి. అరెనాల్ నుంచి మ్యాపులో పక్కనే అనిపిస్తుంది గానీ సరస్సు చుట్టూ తిరిగి వెళ్ళేసరికి మూడు నాలుగు గంటలు. ఉన్నట్టుండి ఒకటి తట్టింది, అడుగుతున్నాను: జిప్‌లైన్ రోజు, జలపాతం రోజు, రాత్రి నడక రోజు అమ్మగారు ఎక్కడుంటారు?

హ్యూస్టన్_కుటుంబం
హోటల్లో. బాబు కూడా జిప్‌లైన్‌కి చిన్నవాడు అనిపిస్తోంది, అమ్మ దగ్గర వదుల్తాం. జలపాతానికీ అంతే.

కృష్ణలంక_అక్క
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. గైడా, తీగా అని ఇద్దరూ తలలు పగలగొట్టుకుంటున్నారు, అసలు సంగతి ఇక్కడుంది. మా అమ్మని మా తమ్ముడు ఇలాగే ఇదే దేశం తీసుకెళ్ళాడు. పొద్దున వాళ్ళు బయల్దేరడం, అమ్మ గదిలో పిల్లాడికి స్నానం పోసి, అన్నం పెట్టి, టాబ్‌లో కార్టూన్ పెట్టుకుని కూర్చోవడం. విజయవాడ వచ్చాక పక్కింటావిడ "అక్కడ ఏం చూశారు పిన్నిగారూ" అంటే అమ్మ ఏమందో తెలుసా? "గది బాగుందమ్మా, ఏసీ కూడా ఉంది" అంది. అమ్మకి టిక్కెట్టు కొన్నది విహారానికా, ఆయా పనికా? ఆయాకైతే జీతమన్నా ఇస్తారు.

డల్లాస్_నాన్న
అక్కా, ఇది అన్యాయం. మీ తమ్ముడి మీద కోపం ఈయన మీద తీర్చుకోవద్దు. మనవడితో ఉండటం అమ్మలకి శిక్షా? మా అమ్మ అయితే తనే అడిగి ఉండిపోతుంది. ఇక మా చిన్నప్పుడు సెలవులంటే క్యూ కాంప్లెక్సులో నిలబడటమే, పిల్లలకేం కావాలో ఎవరూ అడగలేదు. నా పిల్లలకి అలా కాకూడదని డబ్బు దాచుకుని తీసుకెళ్తున్నా. పెద్దవాళ్ళకి కుదరదని పిల్లల సరదా ఆపుకోవాలా?

కృష్ణలంక_అక్క
పిల్లల సరదా ఆపమని ఎవరన్నారు? మీ అమ్మగారు నిజంగా అడిగారా, లేక మీరు బూట్లు వేసుకుంటుంటే "మీరు వెళ్ళిరండి నాన్నా" అన్నారా? రెండూ ఒకటి కాదు. ఆ మాట ఎంతమంది అమ్మలు అంటారో, ఎందుకంటారో మనందరికీ తెలుసు. పిల్లలకేం కావాలో అడగలేదని మీకు ఇప్పటికీ బాధ ఉంది కదా, అమ్మకేం కావాలో ఎవరడిగారు?

హ్యూస్టన్_కుటుంబం
నేను జిప్‌లైన్ గురించి అడిగితే నన్ను కొడుకుగా నిలదీస్తున్నారు. సరే, మా వైపు కూడా వినండి. బాబు పుట్టాక మేమిద్దరం కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. ఇద్దరివీ ఉద్యోగాలు, ఒకరు ఇంట్లో ఉంటే ఒకరు బయట. పాప కూడా తమ్ముడొచ్చాక తనకి టైమివ్వడం లేదని అలుగుతోంది. పాపతో మేమిద్దరం ఒక పూట గడపాలనుకోవడం తప్పా? అమ్మని రోజంతా కాదు, కొన్ని గంటలే.

కృష్ణలంక_అక్క
తప్పు అనను. మీ ప్లాన్‌లో మూడు చోట్ల ఆ కొన్ని గంటలున్నాయి, అమ్మకోసం పెట్టింది మాత్రం ఒక్కటి కూడా లేదు. అదీ నా బాధ.

చిట్టిగారె
జిప్‌లైన్‌కి పొద్దున స్లాట్‌లో మీరు, పాప. మధ్యాహ్నం మీ ఆవిడ, పాప. అయిపోయె.

హ్యూస్టన్_కుటుంబం
ఇద్దరం కలిసి వెళ్ళడమే కదా కావాల్సింది. వంతులవారీగా ఇంట్లో రోజూ చేస్తున్నదే.

డల్లాస్_నాన్న
మధ్యాహ్నం స్లాట్ వద్దే వద్దు, పిడుగులు పడితే ఆపేస్తారు.

అడవిబాట
గొడవ పెంచడానికి కాదు, అమ్మగారికి పనికొచ్చేవి రాస్తున్నాను. అరెనాల్ దగ్గర వేణ్ణీళ్ళ బుగ్గలున్నాయి, అగ్నిపర్వతం వేడికి కాగిన నీళ్ళు. మెట్లకి పట్టుకునే కడ్డీలు, నీడలో కూర్చునే గట్లు ఉన్న చోటు చూసుకోండి, సాయంత్రాలు హాయిగా ఉంటుంది. బీపీ ఉంటే మరీ వేడి గుంటలు వద్దు. 1968లో పేలి ఊళ్ళు మింగిన కొండ అది, 2010 నుంచి నిప్పులు కక్కడం లేదు, కాబట్టి ఎర్రటి లావా కనిపిస్తుందని పెద్దావిడకి ఆశ పెట్టకండి. మాన్యుయెల్ ఆంటోనియోలో చెక్కలు పరిచిన చదునైన దారి ఉంది, ఆవిడ నడవగలరు, కోతులు, స్లాత్‌లు ఆ దారి పక్కనే కనిపిస్తాయి. హోటలు ఎంచుకునేటప్పుడు తోటలో పక్షులకి అరటిపళ్ళు, బొప్పాయి పెట్టే బల్ల ఉందా అని అడగండి. టూకాన్‌లు పొద్దున్నే వచ్చి ఆ పెద్ద ముక్కుతో ముక్క విసిరి పట్టుకుంటాయి. కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ చూడొచ్చు. అలాంటి చోటైతే బాబుని అమ్మగారి దగ్గర వదిలినా ఆవిడా అడవిలోనే ఉన్నట్టు. ముందు ఆవిణ్ణి అడగాలి, అది వేరే విషయం.

హ్యూస్టన్_కుటుంబం
అడిగాను. అమ్మకి కోతులంటే భయమట, మాన్యుయెల్ ఆంటోనియోకి రానంది. వంతెనల మీద నడుస్తానంది, వేణ్ణీళ్ళ సంగతి చెప్తే ఇంకా నాలుగు ప్రశ్నలేసింది, అక్కడ చీర కట్టుకుని దిగనిస్తారా అని కూడా. జిప్‌లైన్ పూట బాబుని చూసుకుంటానంది, కానీ గదిలో కూర్చోనంది, తోట ఉన్న హోటలే కావాలంది. రాత్రి నడక రోజు మా ఆవిడ వాళ్ళతో ఉంటుంది, నేను పాపని తీసుకెళ్తాను. మాంటెవెర్దే తీసేసి అరెనాల్‌లోనే ఎక్కువ రోజులు ఉందామా అని చూస్తున్నాం, ఆ మలుపుల రోడ్డు మీద అమ్మకి వాంతులవుతాయి.

కృష్ణలంక_అక్క
ఇప్పుడు బాగుంది. చీరతో కష్టం, నీళ్ళలో బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది. ఒంటికి పట్టి ఉండే పొడుగు చేతుల ఈత డ్రెస్సులు దొరుకుతాయి, బయల్దేరేముందే కొనిపెట్టండి, అక్కడ రేటెక్కువ.

డల్లాస్_నాన్న
మాంటెవెర్దే తీసేస్తే తీసెయ్ అన్నా, అరెనాల్‌లోనూ తీగలున్నాయి. ఏడింటి స్లాట్ పట్టు, పొద్దున్నే. గైడ్ మాత్రం దండగే, నా మాట మారదు.

అడవిబాట
నాదీ మారదు. హ్యూస్టన్ గారూ, గైడ్‌ని ముందే మాట్లాడుకోండి, జూలైలో మంచివాళ్ళు దొరకరు. బాబుకి దోమల మందు మర్చిపోవద్దు, డెంగీ ఉంది అక్కడ.