షష్టిపూర్తి ఫ్యామిలీ ఫొటోకి అందరూ ఒకే రంగు వేసుకోవాలా? మరి అమ్మ గద్వాల చీర?

గోదారిగట్టు:
వచ్చే నెల రాజమండ్రిలో మా నాన్నగారి షష్టిపూర్తి. మర్నాడు పొద్దున్న పెద్ద ఫ్యామిలీ పోర్ట్రెయిట్ ఒకటి తీయిద్దామనుకున్నాం, మొత్తం పధ్నాలుగు మందిమి. డాలస్ నుంచి వస్తున్న మా చెల్లి, అందరూ లేత పీచ్, క్రీమ్ రంగుల్లోనే ఉండాలని వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి ఆర్డర్లు కూడా మొదలెట్టేసింది. అమ్మేమో బీరువాలోంచి తన గద్వాల చీర తీసి మంచం మీద పరిచింది, వంకాయరంగు, ఆవపువ్వు రంగు అంచు, మడతల దగ్గర కాస్త రంగు దిగింది. నా మొదటి జీతంతో కొన్న చీర అది. చెల్లి పెట్టిన ఫొటోలు చూపిస్తే "అందరికీ ఇబ్బందైతే మానేస్తాలే" అని మళ్ళీ మడతపెట్టేసింది. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. అమ్మ ఆ చీరే కట్టుకోవాలి, మిగతావాళ్ళమే దానికి తగ్గట్టు సర్దుకోవాలి అని నేనంటున్నా, ఒక్కరు వేరే రంగులో ఉంటే ఫొటో మొత్తం చెడిపోతుందని చెల్లి అంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పెద్దక్క_గుంటూరు:
నేను మీ చెల్లి పక్షమే. పన్నెండేళ్ళ కిందట మా అత్తగారింట్లో ఇలాగే ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకుని ఫొటో దిగాం, మా మరిది చిలకాకుపచ్చ చొక్కా, అదీ మెరిసే రకం. ఇప్పటికీ హాల్లో ఉంది ఆ ఫొటో. ఇంటికొచ్చిన ప్రతి మనిషీ ముందు ఆ చొక్కానే చూస్తారు, మధ్యలో మా మామగారు ఎంత నిండుగా నవ్వుతున్నారో ఎవరికీ ఆనదు. రంగులు కలిస్తే చూపు మొహాల మీదకి పోతుంది, అది పెద్దవాళ్ళని తక్కువ చెయ్యడం ఎలా అవుతుంది? ముందురోజు పీటల మీద మీ అమ్మగారు ఎలాగూ పట్టుచీరలోనే ఉంటారు కదా.

ఓరుగల్లు_బిడ్డ:
అక్కా మీరు చెప్పింది సమజైంది గానీ నా బాధ గూడ వినుండ్రి. మూడేండ్ల కింద మా ఇంట్ల గిట్లనే అందరికి ఒక్క తీరు బట్టలు కుట్టించినం, మా బాపుకు షేర్వాణీ. జిందగీల ఎన్నడు ఏస్కోలే ఆయన. మెడకాడ పట్టేసినట్టయి గదువ పైకి లేపి, చేతులు ఏడ పెట్టాల్నో తెల్వక రెండు మోకాళ్ళను గట్టిగ పట్టుకొని కూసున్నడు. పోయినేడు బాపు పోయిండు. దండ ఏసే ఫొటో కోసమని గా ఫొటోనే పెద్దగ చేపిస్తే మా అమ్మ చూసి, ఈయన మీ బాపు లెక్క లేడు బిడ్డా అన్నది. ఆఖరికి పొలంకాడ ఫోన్ల తీసింది దొరికింది, తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల, అదే పెట్టినం. మసక మసకగ ఉన్నా అదే మా బాపు. పెద్దోళ్ళను వాళ్ళ బట్టలల్ల ఉండనియ్యుండ్రి.

పెద్దక్క_గుంటూరు:
తమ్ముడూ, చదువుతుంటే కళ్ళు నిండాయి. కాకపోతే ఆ తప్పు అలవాటు లేని షేర్వానీది, రంగుది కాదు. మంగళగిరి నూలు చీరో వెంకటగిరో, లేత రంగులో ఆవిడకి అలవాటైన నేతే తీసుకుంటే అప్పుడు ఇబ్బందేముంది?

గోదారిగట్టు:
అక్కా అలవాటు ఒక్కటే కాదండీ. మంచం మీద పరిచినప్పుడు ఆ అంచు మీద అలా చెయ్యి వేసి కూర్చుంది, అది చూశాక కొత్త చీర కొంటానని నా నోటితో అనలేను.

ఖమ్మం_స్టూడియో:
22 ఏళ్ళుగా స్టూడియో నడుపుతున్నా కాబట్టి చెప్తున్నా. రంగు ఒకటే కానక్కర్లేదండి, ముదురు లేత దగ్గరగా ఉంటే చాలు. వంకాయరంగు చీర మధ్యలో ఉండి చుట్టూ ఇటుకరంగు, ముదురాకుపచ్చ, నేవీ బ్లూ ఉంటే నిండుగా ఉంటుంది. పదమూడు మంది పీచ్‌లో ఉండి ఆవిడొక్కరే వంకాయరంగైతే మాత్రం విడిగా కనపడతారు, అక్కడ మీ చెల్లెలుగారి మాట నిజమే. అంటే మార్చాల్సింది పదమూడు మందినా ఒక్కర్నా అన్నదే ప్రశ్న, పండగ ఆ ఇద్దరిది కాబట్టి నేనైతే పదమూడు మందినే మారుస్తా. అసలు ఫొటో చెడగొట్టేవి వేరే ఉన్నాయి. సన్న గళ్ళ చొక్కా, సన్న చారల చొక్కా వద్దే వద్దు, డిజిటల్ కెమెరాలో వాటి మీద బట్టలో లేని గీతలు నీటి అలల్లాగా పుట్టుకొస్తాయి, తర్వాత సరిచెయ్యాలంటే ప్రాణం పోతుంది. అక్కగారూ, మీ మరిదిగారి గడ్డం కింద ఒకసారి చూడండి, చొక్కా పచ్చదనం చర్మం మీద పడి ఉండొచ్చు. జరీ మీద ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్లగా కాలిపోతుంది, కిటికీ పక్క వెలుతురులో అదే జరీ బంగారంలా ఉంటుంది. నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీసిన రోజుల్లో గాజు ప్లేట్లు ఎరుపుని సరిగా పట్టేవి కావు, ఎర్ర బట్ట నల్లగా, నీలం తెల్లబోయి వచ్చేవి, అప్పుడు కెమెరా కోసం రంగు మార్చుకున్నా అర్థముంది. ఇప్పుడు ఆ అవసరం లేదు.

మగ్గం_ఇల్లు:
మాది గద్వాల దగ్గరే, నేతపని ఇల్లు. మీది పాత పద్ధతి గద్వాల అయితే చీర ఒళ్ళంతా నూలు, అంచు, కొంగు పట్టు ఉంటయి, మగ్గం మీదనే పోగులో పోగు మెలేసి రెండూ కలుపుతారు, కుట్టు అంచు అంటం. నూలు ఒళ్ళు మెరవదు, వెలుతురంతా మొహం మీదనే నిలుస్తది, ఫొటోకి దాన్ని మించిన చీర లేదని నా నమ్మకం. రంగు దిగిన మడత కుచ్చిళ్ళ లోపలికి పోయేటట్టు చూసుకోండి, జరీ మీద పల్చటి బట్ట పరిచి ఇస్త్రీ చెయ్యండి. పదమూడు మందికి కొత్త బట్టలు కొనే ముందు ఇంట్ల ఉన్న చేనేత బట్టలు ఒకసారి బయటికి తియ్యండి, సగం పని అక్కడనే అయితది.

గోదారిగట్టు:
చెల్లికి ఫోన్లో ఇదంతా చదివి వినిపించా, బాపుగారి దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు ఏం మాట్లాడలేదు. అమ్మ చీరకి ఒప్పుకుంది. పిల్లల పీచ్ గౌన్లు మాత్రం వచ్చేశాయట, వాటి మీద ఇంకా పేచీ నడుస్తోంది. ఇప్పుడు నాన్న సంగతి, హెడ్మాస్టరు ఆయన, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది, ఫొటోకి పట్టుపంచె వద్దు, బడికి వేసుకెళ్ళే తెల్ల చొక్కానే వేసుకుంటా, జేబులో పెన్ను కూడా ఉండాలి అంటున్నారు. తెల్ల చొక్కా ఫర్వాలేదా?

ఖమ్మం_స్టూడియో:
బ్రహ్మాండంగా ఉంటుంది, వెనక గోడ మాత్రం తెల్లది కాకుండా చూడండి. పల్చటి బట్ట అయితే లోపలి బనీను గీత కనపడుతుంది, కాస్త దళసరి కాటన్ తీసుకోండి, ఆయన్ని కిటికీకి మరీ దగ్గర కూర్చోపెట్టొద్దు, కళ్ళజోడు ఉంటే అద్దాల్లో కిటికీ పడుతోందేమో చూసి తల కొంచెం దించమనండి. అమ్మగారి చీర ఫొటో ఒకటి పగటి వెలుతురులో తీసి మీ ఫొటోగ్రాఫర్‌కి ఇప్పుడే పంపేయండి, వెనక కట్టే బట్ట దాన్ని చూసి తెచ్చుకుంటాడు. పెన్ను తియ్యొద్దు.