‘సెసమీ స్ట్రీట్’లో స్ట్రీట్: వీధా, బజారా, అరుగా?

సత్యనారాయణపురం, విజయవాడ:

ఒక పేరు మీద సభ్యుల మాట కావాలి. ‘సెసమీ స్ట్రీట్’ అనే అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం వరుసలో, బొమ్మలతో, తెలుగు పిల్లలకోసం టీవీ కార్యక్రమం చేస్తే దాన్నేమనాలి? నిఘంటువు ముందు పెట్టుకుంటే ‘నువ్వుల వీధి’ వస్తుంది. అందులో రెండు మాటలూ తేడాగానే ఉన్నాయి. నువ్వులనగానే మనకు తర్పణం, శనిదానం గుర్తొస్తాయి. ‘తిలోదకాలిచ్చేశాడు’ అంటే వదిలేసుకున్నాడని అర్థం. పిల్లల కార్యక్రమానికి ఇదేం శుభారంభం?

అసలు పేరులో ఉన్నవి తినే నువ్వులు కావు, ఆలీబాబా కథలో గుహ తలుపు తెరిచే మంత్రం. 1979లో కువైట్ నుంచి అరబ్బీలో మొదలుపెట్టినవాళ్లు ఆ మంత్రాన్నే పేరు చేసుకున్నారు: ‘ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్’. హిందీవాళ్లకూ ‘ఖుల్ జా సిమ్ సిమ్’ నోట్లో నానిన మాటే కాబట్టి 2006లో ‘గల్లీ గల్లీ సిమ్ సిమ్’ ఇట్టే అతికింది. మనకు నువ్వులకూ తలుపుకూ అలాంటి లంకె లేదు.

ఇక స్ట్రీట్. కృష్ణా, గుంటూరు పిల్లవాడు ‘మా బజార్లో’ అంటాడు. ‘మా వీధిలో’ అనేది వాడి పాఠ్యపుస్తకం. బజారు అనేయొచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:

వీధి ఉండి తీరాలన్న పట్టుదల దేనికండీ? ఎన్నో దేశాలు దాన్ని ఎప్పుడో వదిలేశాయి. 1972లో బ్రెజిల్ ‘విలా సెసమో’ అంది. విలా అంటే కొద్దిపాటి ఇళ్ల పేట. అదే ఏడాది మెక్సికో ‘ప్లాసా సెసమో’ అంది. ప్లాసా అంటే నలుదిక్కులా ఇళ్లు, నడుమ జనం కూడే ఖాళీ స్థలం. స్పెయిన్‌లో 1979లో ‘బార్రియో’, అదీ పేటే. నార్వేవాళ్లు 1991లో ఏకంగా రైల్వే స్టేషన్ చేశారు. కెనడాలో పార్కు, ఈజిప్టులో ‘ఆలమ్ సిమ్‌సిమ్’, అంటే సిమ్‌సిమ్ లోకం, అఫ్ఘానిస్తాన్‌లో తోట. బంగ్లాదేశ్ 2005లో ‘సిసిమ్‌పుర్’ అని ఊరినే కట్టేసింది. ఆ పుర్ మన పురమే. నాకు అన్నిట్లోకీ నచ్చింది ఇండోనేషియా 2008లో పెట్టుకున్న ‘జలాన్ సెసామా’. జలాన్ అంటే దారి. సెసామా అంటే వాళ్ల భాషలో తోటివారు. ఒక్క అచ్చు మార్చి నువ్వులను తోటి మనుషులను చేశారు. ఇలాంటి శ్లేష మన అవధానిగారికి తగిలితే వారం రోజులు చెప్పుకునేవాళ్లం.

మార్చడానికి కారణముంది. ఆ సెట్టు చేసే పని ఒకటే. పిల్లలు, పెద్దలు, కొట్టు నడిపేవాడు, బొమ్మలు ఒకరికొకరు తారసపడాలి, ‘ఎందుకొచ్చావు’ అని ఎవరూ అడగకూడదు. అమెరికాలో ఆ పని చేసేది 123 నంబరు ఇంటి ముందున్న మెట్లు. నార్వేలో ప్లాట్‌ఫారం. సిసిమ్‌పుర్‌లో మర్రిచెట్టు నీడ. మన దగ్గర ఆ పని చేసే చోటేదో ముందు తేల్చుకుంటే పేరు దానంతటదే వస్తుంది.

ఇంకో ముక్క. 1969లో మొదలుకాక ముందు అమెరికావాళ్లు ‘123 అవెన్యూ బి’ అనే పేరు కూడా అనుకున్నారు. నిజం చిరునామాలా ఉందనీ, న్యూయార్కు బయట ఎవరికీ పట్టదనీ మానేశారు. మనం ‘బ్రాడీపేట 4/7’ అని పెట్టినట్టు. గుంటూరువాడికి నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. కృష్ణ దాటితే అది భిన్నాల లెక్క.

తెనాలి:

బజారు వద్దు. మనకు వీధి, విశాఖవాళ్లకు అంగళ్లున్న చోటు. పైగా ‘బజారున పడ్డారు’, ‘బజారుకెక్కారు’ అనే పలుకుబళ్లు దాన్ని వదలవు. అన్నిటికంటే పెద్ద చిక్కు, మన పల్లెల్లో బజారు ముందు చాలాచోట్ల కులం పేరుంటుంది. వాడ, పేటలదీ అదే గొడవ. అందరూ కలిసే చోటు అని చెప్పబోయి, ఎవరెక్కడ ఉండాలో చెప్పే మాట పెట్టినట్టవుతుంది. సందు ఇరుకు. గల్లీ మన వైపు అనగానే పక్కన ‘రౌడీ’ వచ్చి నిలబడుతుంది. గుంటూరు ‘లైను’కు ఈ మచ్చలేవీ లేవు గానీ, మిగతా జిల్లాల్లో లైనంటే కరెంటు తీగో, ఫోనో, రేషను షాపు ముందు వరసో.

నా ఓటు ‘అరుగు’కు. 123 ఇంటి మెట్లు చేసే పని మన ఊళ్లలో చేసేది అరుగే. ఇంటికి చెందుతుంది గాని ఇంటి లోపలిది కాదు. కూరలబండివాడూ కూర్చోవచ్చు, దారినపోయేవాడూ కూర్చోవచ్చు. బొమ్మలాడించేవాళ్లకూ సుఖం: అరుగు గోడ వెనక ముగ్గురు దాక్కోవచ్చు.

పటమట, విజయవాడ:

అరుగు మాట బాగుంది, చోటు లేదు. అయిదంతస్తుల అపార్టుమెంట్లో పుట్టిన పిల్లకు అరుగంటే ఏమిటో చూపించాలి. వాళ్లు కలిసే చోటు సెల్లారు: వాచ్‌మన్ గది, నీళ్ల మోటారు, సైకిళ్లు.

తెనాలి:

చూపించాల్సింది అదేగా! సెట్టు మీద రోజూ కనబడే వస్తువు పేరు పిల్లలకు విడిగా నేర్పక్కర్లేదు. ‘సెల్లారు’ పేరుగా పెడితే పాట రాసేవాడు ఏడుస్తాడు. సెట్టులో మాత్రం సెల్లారు మెట్ల పక్కన అరుగు కట్టండి, ఎవరూ కాదనరు.

మంగళగిరి:

వేదిక పేరుతో పాటు బొమ్మల పేర్లూ తేల్చుకోవాలి. తేలిగ్గా కనబడేవే ఎక్కువ దెబ్బ తీస్తాయి. బిస్కెట్లకోసం ఎగబడే ‘కుకీ మాన్‌స్టర్’ బొమ్మ పేరును అలాగే ఉంచితే నాలుగేళ్ల తెలుగు చెవికి వినబడేది కుక్క. అరబ్బీవాళ్లు కేకు మాట నుంచి ‘కాకీ’ అని చేసుకున్నారు. మనకు ఆ దారీ లేదు, కాకి ఎగిరొస్తుంది. ‘బిస్కెట్ల బూచోడు’ అనొచ్చు. అన్నం తినకపోతే వచ్చే బూచోడే బిస్కెట్లకోసం బతిమాలుతుంటే భయం సగం పోతుంది.

జంట పేర్లకు మొదటి అక్షరం నిలబెట్టడం చాలా దేశాల పద్ధతి. అమెరికా జంట బొమ్మలు ఎర్నీ, బర్ట్ నార్వేలో ఎర్లింగ్, బెర్న్ట్. అరబ్బీలో అనీస్, బద్ర్. స్పెయిన్‌వాళ్లు మొదటి ధ్వనుల వరకే నిలిపి ఎపి, బ్లాస్ అన్నారు. కొత్త బొమ్మలకైతే బంగ్లాదేశ్ దారి మంచిది. పులి పేరు హాలుం, అది బెంగాలీలో పులి అరుపు. ఇక్రి మిక్రి అనే బొమ్మ పేరు వాళ్ల పిల్లల ఆటపాటలో మాట. మనకు చెమ్మచెక్క ఉంది, కాళ్లాగజ్జా ఉంది. చెమ్మ, చెక్క అని రెండు బొమ్మలకు పెట్టండి, ఒకటి మెత్తన, ఒకటి గట్టి; స్వభావం పేరులోనే వచ్చేసింది. హిందీ బొమ్మ చమ్కీ పేరు మనకూ చెల్లుతుంది, చీర మీద చెమ్కీలు తెలియనిదెవరికి?

‘గాడు’ దగ్గర ఆగాలి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క కథ మధ్యలో దూరి నవ్వించేవాళ్లు. ఈ టీవీ బొమ్మలు చేసే పని కూడా దాదాపు అదే. కానీ కేతిగాడి హాస్యం రాత్రి ఆటది, పెద్దలది. ఆ పేరు తెస్తే ఆ సరసమూ వెంటొస్తుంది. బుజ్జిగాడు, చంటిగాడు అన్నప్పుడు గాడు ముద్దు, పనివాడి పేరుకు తగిలిస్తే చులకన. ఒకే కార్యక్రమంలో రెండూ వినిపించకూడదు. కొట్టు నడిపే మనిషిని బొమ్మలు ‘బాబాయ్’ అనాలి, కూరలమ్మే ఆవిడను ‘పిన్నీ’ అనాలి.

వ్యాకరణం కూడా నిర్ణయం అడుగుతుంది. రెండు బొమ్మలు నడిచొస్తే ‘రెండు వచ్చాయి’ అంటామా, ‘ఇద్దరు వచ్చారు’ అంటామా? ఇద్దరే అనాలి. పులిబొమ్మ ‘వచ్చింది’ కాదు, ‘వచ్చాడు’. ఒక్క ఎపిసోడ్‌లో ‘వచ్చింది’ అని జారినా ఆ పూట అది మళ్లీ గుడ్డముక్కే. ఆడబొమ్మకు ఏకవచనంలో ఎలాగూ ‘వచ్చింది’ తప్పదు కాబట్టి, దాన్ని వీలైనంతగా ఇతరులతో కలిపి ‘వచ్చారు’లో చేర్చాలి. లెక్కల పాటలో ఇదే ఇంకో రూపంలో తగులుతుంది. తెర మీద 2 అంకె, పక్కన ఇద్దరు పిల్లలు. పాట ‘రెండు’ అంటుంది, నోరు ‘ఇద్దరు’ అంటుంది. మొదటి వారాల్లో కాయలూ పళ్లే లెక్కపెట్టించి, మనుషుల లెక్కకు వేరే పాట కట్టాలి.

సత్యనారాయణపురం, విజయవాడ:

అసలు ఈ రకం బొమ్మకు మాటేమిటి? కీలుబొమ్మ అనగానే రాజకీయం వార్త చదువుతున్నట్టుంటుంది.

మంగళగిరి:

తోలుబొమ్మ తెర వెనక నీడ, సూత్రపుబొమ్మ దారాలది. ఇది చేతికి తొడిగేది, ‘చేతిబొమ్మ’ చాలు. పిల్లలు ఎలాగూ ‘బొమ్మ’ అనే అంటారు.

పటమట, విజయవాడ:

పేర్లన్నీ కుదిరినా నోటి కదలిక దగ్గర తెలుగు ఎదురు తిరుగుతుంది. తోలుబొమ్మలాటలో మాట ఎవరిదో తల ఊపు, చేతి ఊపు చెబుతాయి. చేతిబొమ్మకు నోరుంది. బొటనవేలు కింది దవడ, నాలుగు వేళ్లు పై దవడ. సూత్రమేమంటే, అక్షరం పలికేటప్పుడు నోరు తెరుచుకోవాలి, బొటనవేలు దిగాలి, పై వేళ్లు కదలకూడదు. కొత్తవాళ్లు పై వేళ్లు లేపుతారు, బొమ్మ మాటమాటకూ ఆకాశం చూస్తుంది. లేదా అక్షరం మీద నోరు మూస్తారు, బొమ్మ మాటల్ని కొరుకుతున్నట్టుంటుంది.

ఇంగ్లీషులో వన్ నుంచి టెన్ దాకా 11 సార్లు తెరిస్తే సరి. సెవెన్ ఒక్కటే రెండక్షరాలది. మన ఒకటి నుంచి పది దాకా 25 అక్షరాలు. ‘ఎనిమిది’కి నాలుగు సార్లు నోరు కొడితే బొమ్మకు చలిజ్వరం వచ్చినట్టుంటుంది. అందుకే అమెరికావాళ్ల పాత లెక్కల ముక్కలకు తెలుగు డబ్బింగు నిలవదు, ఆ ముక్కలు కొత్తగా తీయడమే నయం. ఒక్కక్షరం పేరుతో పిలిచే పిలుపులూ అంతే. ‘బర్ట్!’ అన్నచోట మన పేరు ఎంత చిన్నదైనా రెండక్షరాలు. అక్కడ పిలిచేవాడి మీద కాక వినేవాడి మీద ఉన్న షాటు ఎంచుకోవాలి.

కొత్తగా తీసేటప్పుడు మన ఛందస్సే పనికొస్తుంది. గురువుకు నోరు పూర్తిగా, లఘువుకు సగం. వరసగా లఘువులే వస్తే మొదటిదానికి తెరిచి మిగతావాటికి తగ్గిస్తూ పోవాలి. రెండు: గురువు, లఘువు. తొమ్మిది: గురువు, రెండు లఘువులు. ఒకటి: మూడూ లఘువులే, అంటే ఒక తెరుపు, రెండు అదురులు. ద్విత్వం దగ్గర, ‘అమ్మ’, ‘తమ్ముడు’లో, నోరు మూసి ఒక్క క్షణం నిలపాలి. బొమ్మకు పెదవులు లేకపోయినా ఆ నిలుపుతో మకారం వినబడ్డట్టే ఉంటుంది.

లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున మాత్రలు కట్టి చూడండి. ఒకటి 3, రెండు 3, మూడు 3, నాలుగు 4, ఐదు 3: మొత్తం 16. ఆరు 3, ఏడు 3, ఎనిమిది 4, తొమ్మిది 4, పది 2: మళ్లీ 16. రెండూ కలిపి 32, ఆదితాళం చతురశ్రగతిలో (ఎనిమిది దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు) సరిగ్గా ఒక ఆవర్తం. ఎవరూ కట్టకుండానే కట్టిన పాట! ఒక్క చిక్కు, పిల్లలు చివర ‘పదీ’ అని సాగదీస్తారు, మాత్ర ఎక్కువై తాళం తప్పుతుంది. ఆ చప్పట్లోనే తర్వాతి ఎత్తుగడ మొదలుపెట్టకుండా నాలుగు మాత్రలు ఖాళీ వదలాలి.

అక్షరాల ముక్కల్లో ఇంకో గోతి ఉంది. ‘ఈ రోజు అక్షరం’ అని ణ, ళ తీసుకుంటే వాటితో మొదలయ్యే తెలుగు మాట పిల్లలకు చూపలేం. వీణ, బాణం, కళ్లు, తాళం లాంటివి పెట్టి ‘ఎక్కడ దాక్కుంది?’ అనే ఆటగా మార్చాలి. అక్షరం దిద్దించేటప్పుడు ఆడించేవాడు ఎదుట ఉన్న మానిటర్ చూస్తుంటాడు. అది అద్దంలా తిరగేసి చూపదు. తన కుడి అనుకున్నది తెర మీద ఎడమ. ‘అ’ సున్న చుట్టే దిశ తిరగబడిందంటే బడిలో పంతులమ్మ ఆ తప్పును ఏడాదంతా దిద్దుకోవాలి. అందుకని ముందుగా కాగితం మీద బాణపు గుర్తులు వేసి మానిటర్ పక్కన అంటిస్తారు.

తెనాలి:

మాండలికం సంగతి? వచ్చాడు, వచ్చిండు, వచ్చినాడు?

బ్రాడీపేట, గుంటూరు:

‘ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్’ చాలా అరబ్బు దేశాలకు కలిపి చేసింది కాబట్టి ప్రామాణిక భాష పట్టుకుంది. 2000లో ఈజిప్టు తన వాడుకభాషలోకి దిగింది. అదే ఏడాది మొదలైన దక్షిణాఫ్రికా ‘టకలానీ సెసమీ’ పలు భాషల్లో నడిచింది. టకలానీ అంటే వెండా భాషలో సంతోషంగా ఉండమని. మనకు మూడో దారి దగ్గర: ఒక్కో బొమ్మకు ఒక్కో యాస ఇచ్చి మార్చకుండా ఉంచడం. ఒకే బొమ్మ పూటకో యాస మాట్లాడితే పిల్లలు ముందుగా పట్టేస్తారు.

సత్యనారాయణపురం, విజయవాడ:

అరుగు ఖాయమనుకుందాం. నువ్వులు మిగిలాయి. ‘చిమ్మిలి’ ఎలా ఉంటుంది? నువ్వులూ బెల్లమూ దంచిన ఉండ, నాగులచవితికి చలిమిడితో పాటు ఉండేదే. సిమ్‌సిమ్‌కు చెవిలో దగ్గర, తర్పణానికి దూరం.

తెనాలి:

పెద్దమనిషైన పిల్లకు పెట్టేదీ చిమ్మిలే. అమ్మమ్మలు ముసిముసిగా నవ్వుతారు. నవ్వనివ్వండి. మరి ఒత్తుతో చిమ్మిలా, ఒత్తు లేని చిమిలా? రెండూ వినబడతాయి.

పటమట, విజయవాడ:

బొమ్మకైతే ఒత్తుతోనే. మ్మ దగ్గర నోరు మూసుకుని నిలబడుతుంది, పేరు కంటికి కూడా కనబడుతుంది. ‘చిమ్మిలి అరుగు’ అంటే 4, 3 కలిపి ఏడు మాత్రలు. ఏడుకు చిన్నపిల్లలు చప్పట్లు కొట్టలేరు. పాటలో ‘అరుగూ’ అని చివర ఒక మాత్ర పెంచితే ఎనిమిది, బొమ్మ నోరు తెరిచి ఉండగానే పేరు అయిపోతుంది.